దవడ పన్నుకు సెలవు లేదు

శ్రీ సిటీలోని ఒక కర్మాగారం యాజమాన్యం కొత్త సంవత్సరం మొదటి పనిదినాన సిబ్బంది పళ్లను తన సంరక్షణలోకి తీసుకుంది. కిందటేడు ఇదే యాజమాన్యం సిబ్బంది వెన్నెముకల బాధ్యత తీసుకుని, కూర్చోవడానికి కుర్చీలు వేయించడం ఒక్కటి తప్ప చేయవలసినదంతా చేసింది. ఈ ఏడాది పళ్ల వంతు వచ్చింది.

భోజనశాలలో సభ జరిగింది. మానవ వనరుల మేనేజరు పరంధామయ్య గారు మైకు సవరించుకుని, "పళ్లు బాగుంటే నవ్వు బాగుంటుంది. నవ్వు బాగుంటే ఉత్పత్తి బాగుంటుంది. కాబట్టి పళ్లు తోముకోవడాన్ని ఇకమీదట ఎవరూ సొంత పని అనుకోరాదు" అని సెలవిచ్చారు. జనవరిని దంతారోగ్య మాసంగా ప్రకటించి తలా ఒక బ్రష్షూ, శుభసూచకంగా మైసూరుపాకూ పంచారు. పొద్దున, రాత్రి పళ్లు తోముకుంటూ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలన్నది నియమం. నురగ కనబడని ఫోటోలు చెల్లవు.

ఈ ప్రకటన విని మనస్ఫూర్తిగా సంతోషించినది ప్యాకింగ్ విభాగంలోని కోమలి ఒక్కతే. సత్యవేడు పక్క పల్లె నుంచి కంపెనీ బస్సులో వచ్చిపోయే ఆ పిల్లకు క్రిస్మస్ నాటి నుంచి కుడి దవడ పన్ను సలుపుతోంది. లవంగం అదిమిపెట్టుకుని, ఎడమ పక్కనే నములుతూ నెట్టుకొస్తోంది. పళ్ల సంగతి అడిగే నాథుడు దొరికాడనుకుని మరునాడే సూపర్‌వైజరు మోహన్ దగ్గరికి పోయింది.

సరిగ్గా అప్పుడే మోహన్ పోస్టరుకు ఒక మంచి ముఖం కోసం వెతుకుతున్నాడు. వాపు వల్ల కోమలి బుగ్గకు కొత్తగా నిండుదనం వచ్చింది. ఆమె నోరు తెరవడమే చూశాడు గాని ఏం చెప్పబోతోందో వినలేదు. తీసుకుపోయి కెమెరా ముందు నిలబెట్టాడు. వారం తిరగకముందే గేటు దగ్గర నిలువెత్తు కోమలి వెలిసింది. కింద "నా పళ్లు, నా కంపెనీ" అని రాశారు. పొద్దున బస్సు దిగి ఆ బొమ్మను చూసుకున్నప్పుడు కోమలి కాసేపు నొప్పి మరిచిపోయేది. దాచడమెందుకు, ఇంకో నాలుగు రోజులు ఓర్చుకోవచ్చని కూడా అనిపించేది.

పన్నుకు మాత్రం పోస్టరు మీద గౌరవం లేకపోయింది. పోటు చెవి దాకా పాకింది. కోమలి నేరుగా పరంధామయ్య గారి గదికి పోయింది.

"తట్టుకోలేకుండా ఉండాను సార్. ఒక పూట పర్మిషన్ ఇస్తే సత్యవేడులో డాక్టరుకు సూపించుకోనొస్తాను."

ఆయన నిజంగానే బాధపడ్డారు. "చూడమ్మా, దంతారోగ్య మాసంలో, అందులోనూ పోస్టరు మీద ఉన్న మనిషి పళ్ల డాక్టరు దగ్గరికి పోతే ఏమనుకుంటారు? మన కార్యక్రమం మీద మనకే నమ్మకం లేదనుకోరా? నెలాఖరుకు చెన్నై నుంచి పెద్దలు వస్తున్నారు. అది కానివ్వు. ఫిబ్రవరిలో నీ పన్ను, నీ ఇష్టం." అంతదాకా ఇంకాస్త గట్టిగా తోమమని సలహా కూడా ఇచ్చారు.

గట్టిగా తోమింది. పంటి చిగురు చిట్లింది. గులాబీ రంగు నురగతో ఉన్న ఆ ఫోటోకు గ్రూపులో ఎన్నడూ లేనన్ని చప్పట్ల బొమ్మలు పడ్డాయి. తక్కినవాళ్లు ఒకే పూట చొక్కాలు మార్చి మార్చి నెలకు సరిపడా ఫోటోలు తీసిపెట్టుకుని, వేళ తప్పకుండా ఒక్కొక్కటే వదులుతున్నారు. అంతటి క్రమశిక్షణ ఆ కర్మాగారం అంతకుముందు ఎరగదు.

నెలాఖరు సభకు పెద్దలు వచ్చారు. పళ్ల గట్టిదనం కళ్లారా చూపించాలని పరంధామయ్య గారు లావుపాటి చెరకు గడ తెప్పించారు. వేదిక మీద కోమలి దాన్ని ఎడమ పక్కకు తిప్పుకుంది. వెలుతురు కుడి పక్కన బాగుందని ఫోటోగ్రాఫరు మనవి చేశాడు. కోమలి పరంధామయ్య గారి వైపు చూసింది. ఆయన చిరునవ్వుతో తల ఊపారు.

కొరికింది. ఫట్‌మన్న చప్పుడు మైకులోంచి సభ అంతటికీ వినబడింది. విరిగింది చెరకు కాదని ఆమెకు ఒక్కదానికే తెలుసు. చప్పట్లు మోగాయి. ఆమె కళ్ల నీళ్లను పెద్దలు ఆనందబాష్పాలుగా స్వీకరించారు. పరంధామయ్య గారు గొంతు సవరించుకుని, ఈ నెలలో సిబ్బందిలో ఒక్కరికి కూడా పళ్ల డాక్టరుతో పని పడలేదని సగర్వంగా ప్రకటించారు.

కోమలి ఆ తర్వాత ఎవరి అనుమతీ అడగలేదు. సభలో ఫలహారాలు పంచుతుండగానే వేదిక దిగి గేటు దగ్గరికి నడిచింది. కాపలా మునెయ్య "పాసు యాడమ్మా" అన్నాడు. ఆమె నోరు తెరిచి చూపింది. మునెయ్య గేటు తీశాడు.

మొదట్లోనే వచ్చి ఉంటే పన్ను దక్కేదని, ఇప్పుడు వేరుతో సహా తీసేయడం తప్ప దారి లేదని డాక్టరు చెప్పాడు. చదువుకున్న పిల్లవి, ఇన్నాళ్లు ఏం చేస్తున్నావని మందలించాడు.

"మా కంపెనీలో దంతారోగ్య మాసం జరగతా ఉన్నింది సార్," అంది కోమలి. "వీలు కాలేదు."

ఇంటికి చేరేసరికి వాళ్లమ్మ అలివేలమ్మ హడలిపోయి, కూతురి గడ్డం పట్టుకుని లైటు కిందికి తిప్పి చూసింది. చూసినాక ఆమెకు ప్రాణం కుదుటపడింది.

"ఎనకాల పన్నే గదా పాపా. నవ్వితే కనపడదులే."

ఇరుగుపొరుగు వచ్చి చూసి ఆ మాటే అన్నారు. ఆదివారం చర్చిలోనూ అదే అన్నారు. ఫిబ్రవరిలో విషయం తెలిసి పరంధామయ్య గారు కూడా అదే అని, పోస్టరు మార్చనక్కర లేదని సంతోషించారు. కోమలి దవడ పట్టుకుని అందరికీ తల ఊపింది.

ఇంతవరకు చదివిన తమరు ఈపాటికి నాలుకతో ఒక పన్ను తడిమి చూసుకునే ఉంటారు. అదే, చల్లనీళ్లకు జివ్వుమనేది. వచ్చే వారం తప్పకుండా చూపించుకోవాలని అనుకున్నారు కూడా. కిందటి వారమూ అదే అనుకున్నారు. మంచి అలవాటు, మానుకోకండి.