సోమవారం బొట్టుబిళ్ళ

ఆ సోమవారం పొద్దున తిరుపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకల్లా నల్లగండ్లలో బండి తీయాలి, తొమ్మిదింటికి రాయదుర్గంలో తన కుర్చీలో కూర్చోవాలి, ఆ రోజు పని చూడటానికి పక్కన కూర్చునే మేడమ్ ముందు ఒక్క తప్పు కూడా లేకుండా పని పూర్తి చేయాలి. పన్నెండేళ్ళుగా చేస్తున్న పనే. అయినా చొక్కాను రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నాడంటే మనిషి లోపల ఎంత కంగారు పడుతున్నాడో మీరే ఊహించుకోండి.

"ఇగో, బిళ్ళ మర్చిపోయినవ్" అంటూ భార్య ప్రశాంతి గుమ్మం దాకా వచ్చి, ప్యాకెట్‌లోంచి ఒక మెరూన్ రంగు బొట్టుబిళ్ళ తీసి అతని వేలికి అంటించింది. ప్రతి సోమవారం జరిగేదే. ఆ రోజు మాత్రం తిరుపతి ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. బిళ్ళను తన గుర్తింపు కార్డు వెనక అంటించుకుని గబగబా మెట్లు దిగాడు.

ఈ బిళ్ళకు ఒక కథ ఉంది. తిరుపతి పనిచేసే కంపెనీ అపార్టుమెంట్ల వాళ్ళ కోసం ఒక యాప్ నడుపుతుంది. లిఫ్టు ఆగినా, నీళ్ళు రాకపోయినా, ఎవరి కుక్క ఎవరి గుమ్మం ముందు ఏం చేసినా ఆ యాప్‌లోనే కబురు వస్తుంది. యాప్‌లో ఏ మార్పు చేసినా దాన్ని జనాల ఫోన్లలోకి వదిలేది తిరుపతి. అందుకోసం ఆఫీసు వాళ్ళే తయారుచేసుకున్న సాఫ్ట్‌వేర్ ఒకటుంది, దాని పేరు సారథి. పేరు పెట్టడంలో పడిన శ్రమ దాన్ని తయారుచేయడంలో ఎవరూ పడలేదు. చివరి పేజీలో రెండు బటన్లుంటాయి. ‘ట్రయల్’ నొక్కితే మాదిరి కబురొకటి తిరుపతి టేబుల్ మీది పాత ఫోన్‌కు మాత్రమే పోతుంది, అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకోవచ్చు. ‘లైవ్’ నొక్కితే ఉన్నదున్నట్టు ఊరందరికీ పోతుంది. రెండూ పక్కపక్కనే, రెండూ ఒకే నీలం, ఒకే కొలత. అక్షరాలు చీమ తలంత.

మూడేళ్ళ కిందట ఆఫీసుకు కుటుంబాలను పిలిచిన రోజున ప్రశాంతి ఈ వింత చూసింది. "గిదేంది, రెండూ ఒక్క తీర్గనే ఉన్నయి? చెయ్యి జారితే ఎట్ల?" అని, తన నుదుటి మీది బిళ్ళ తీసి తెర మీద ‘లైవ్’ ఉన్నచోట అంటించింది. "ఇగ బిళ్ళ లేనిదాన్ని ఒత్తు. ఫికర్ లేదు" అంది. అంతే, ఆ తర్వాత తిరుపతి ఆ బటన్ల పేర్లు చదవనే లేదు. ముందు బిళ్ళ లేనిది నొక్కేవాడు, పాత ఫోన్ చూసుకునేవాడు, మాదిరి కబురు తుడిచేసి ఆ తర్వాతే బిళ్ళ ఉన్నది. జిగురు పోతుందని ప్రతి సోమవారం కొత్త బిళ్ళ. మూడేళ్ళలో ఒక్క పొరపాటు లేదు.

తోటివాళ్ళు మాత్రం అదంతా బిళ్ళ మహిమ అనుకున్నారు. పక్క సీటు మహేశ్ తన కీబోర్డు మూల ఒకటి అంటించాడు. వినయ్ మౌసు మీద పెట్టుకున్నాడు. ఇంకొకాయన ఎందుకైనా మంచిదని కాఫీ కప్పుకు కూడా పెట్టాడు.

పోయిన బుధవారం మేనేజర్ శ్యామ్ నుంచి మెయిల్ వచ్చింది. సారథిని ఎవరు ఎలా వాడుతున్నారో చూడటానికి సంయుక్త అనే అమ్మాయి ఒక్కొక్కరి పక్కన కూర్చుంటుందని, నోట్స్ రాసుకుంటుందని అందులో ఉంది. మహేశ్ దాన్ని చదివి అర్థం వివరించాడు.

"అన్నా, నీకు సమజ్ కాలే. పని మంచిగ చేసేటోళ్ళ పక్కన ఎవరన్న కూసుంటరా? ఎవల్ని తీసెయ్యాల్నో ఏరనీకి వస్తుంది ఆమె. జర ఈ బిళ్ళలు తీసెయ్యుండ్రి, మూఢనమ్మకం అని రాసుకుంటది."

సాయంత్రానికి ఫ్లోరంతా బోడిగా మారింది. తిరుపతి తెరను మహేశే తడి గుడ్డతో శుభ్రంగా తుడిచిపెట్టాడు. ఆ వారంలో ఇక వదలాల్సిన మార్పులేవీ లేవు కాబట్టి బిళ్ళ లేని లోటు వెంటనే తెలియలేదు. అతనికి నలభై నాలుగేళ్ళు. ఈ కుర్చీ పోతే మళ్ళీ మొదటి నుంచి ఎవరి ముందు కూర్చోవాలన్న దిగులుతో నాలుగు రోజులుగా అన్నం సరిగ్గా దిగడం లేదు. ఆ దిగులు ప్రశాంతికి చెప్పలేదు. బిళ్ళ తీసేసిన సంగతి అసలే చెప్పలేదు.

సరిగ్గా తొమ్మిదింటికి సంయుక్త కుర్చీ లాక్కుని వచ్చి పక్కన కూర్చుంది. కాకినాడ అమ్మాయి, మెత్తగా మాట్లాడుతుంది.

"తిరుపతి గారూ, నేను పరీక్షించేది మిమ్మల్ని కాదండి, సారథిని. మీరు మామూలుగా ఎలా చేస్తారో అలాగే చేయండి. మనసులో ఏమనుకుంటే అది పైకి అనేయండి, చాలు."

"చాన మంచిగున్నది మేడమ్" అన్నాడు తిరుపతి.

"ఏదండీ?"

"సారథి."

కంప్యూటర్ ఇంకా తెరుచుకోలేదు. సంయుక్త నిట్టూర్చి పుస్తకంలో ఏదో రాసుకుంది. గురు, శుక్రవారాల్లో నలుగురి పక్కన కూర్చుంటే నలుగురూ ఇదే మాట చెప్పారు. అంత బాగున్న సాఫ్ట్‌వేర్‌ను ఇంతవరకు ఎవరూ చూసి ఉండరు.

తిరుపతి పని మొదలుపెట్టాడు. మాదిరి కబురు నిజం కబురులాగే ఉండాలన్నది మొదటి నుంచీ అతని పట్టుదల. అలవాటు ప్రకారం ఇలా టైపు చేశాడు: ‘ట్యాంకు కడుగుతున్నాం. ఈరోజు పదకొండు గంటల నుంచి నీళ్ళు రావు.’ తర్వాత చివరి పేజీకి వెళ్ళి, బిళ్ళ లేని బటన్ కోసం వెతికాడు.

రెండింటికీ బిళ్ళ లేదు.

ముందుకు వంగి పేర్లు చదివితే సరిపోయేది. కానీ పన్నెండేళ్ళ అనుభవం ఉన్నవాడు బటన్ పేరు కూడబలుక్కుంటే మేడమ్ ఏం రాసుకుంటుంది? అందుకని నిటారుగా కూర్చుని, ఎంతో ధీమాగా, ఒకటి నొక్కాడు.

టేబుల్ మీది పాత ఫోన్ పలకలేదు. తిరుపతి జేబులో ఫోన్ మోగింది. వెంటనే మహేశ్ ఫోన్, ఆ వెనక వినయ్ ఫోన్, ఆ తర్వాత ఫ్లోరంతా. అందరూ అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళే మరి.

తిరుపతి ముఖం పాలిపోవడం చూసి సంయుక్త అలవాటు కొద్దీ అడిగింది. "ఇప్పుడు మనసులో ఏమనుకుంటున్నారండి?"

"ఇంటికి పోదామనుకుంటున్న మేడమ్."

అంతలో సంయుక్త ఫోన్ మోగింది. అవతల, ఆమెతోపాటే ఇక్కడి అపార్టుమెంట్‌లో ఉంటున్న వాళ్ళమ్మ రాజరాజేశ్వరి. "అమ్మాయ్, బకెట్లు నింపాను, బిందె నింపాను, కుక్కర్లో కూడా పట్టాను. ఇంకేం నింపమంటావే?"

"అమ్మా, అది పొరపాటున వచ్చిందే. నీళ్ళు వస్తాయి."

"నువ్వలాగే అంటావు. పక్కింటి పార్వతమ్మ గారు కందిపప్పు డబ్బా ఖాళీ చేసి మరీ పట్టుకుంటున్నారు" అని ఫోన్ పెట్టేసింది.

శ్యామ్ తన గదిలోంచి పరుగున వచ్చి, తానే దగ్గరుండి ఇంకో కబురు రాయించి పంపించాడు: ‘ఈరోజు నీళ్ళు వస్తాయి. దయచేసి కంగారుపడి నింపుకోవద్దు.’ మొదటి కబురు చూడనివాళ్ళు కూడా ఈ రెండోది చూశారు. వద్దంటున్నారంటే లోపల ఏదో ఉందనుకున్నారు. నల్లగండ్ల నుంచి మాదాపూర్ దాకా ఇళ్ళలో ఉన్న కుళాయిలన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. పదిన్నరకు చాలాచోట్ల ట్యాంకుల అడుగు కనిపించింది. పదకొండుకు నిజంగానే నీళ్ళు ఆగిపోయాయి.

పదకొండూ అయిదుకు తిరుపతి ఉండే అపార్టుమెంట్ల సంఘం అధ్యక్షుడు రామబ్రహ్మం గారు కంపెనీకి ఫోన్ చేశారు. "పదకొండన్నారు, సరిగ్గా పదకొండుకే ఆగాయండి. మీ యాప్‌లో ఒక్క మాటైనా నిజమవుతుందని నేను అనుకోలేదు. థాంక్సండి" అన్నారు. శ్యామ్ ఆ థాంక్సు కూడా పుచ్చుకుని ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత అందరినీ మీటింగ్ గదిలోకి రమ్మన్నాడు.

తిరుపతి లేచి నడుస్తుంటే ప్రశాంతి నుంచి ఫోన్ వచ్చింది.

"నీళ్ళ మెసేజ్ నీదేనా?"

"ఆఁ."

"బిళ్ళ పెట్టలే?"

తిరుపతి నడక ఆపి, కార్డు వెనకనున్న బిళ్ళను వేలితో తడుముకున్నాడు.

"సరే తియ్. ఏమైతే అదైతది. మొదలు డబ్బల అన్నం తిను" అంది ప్రశాంతి. ఆ మాటకు నాలుగు రోజులుగా బిగబట్టుకున్నదంతా అతని కళ్ళలోకి వచ్చింది.

గదిలో తిరుపతి ఎవరూ అడగకముందే లేచి నిలబడ్డాడు. "నేనే ఒత్తిన సర్. ఎవ్వరిదీ తప్పు లేదు" అని మెడలోని గుర్తింపు కార్డు తీసి శ్యామ్ ముందు పెట్టాడు. కార్డు బోర్లా పడింది.

"ఆ బొట్టుబిళ్ళ ఏమిటండి?" అని అడిగింది సంయుక్త.

తిరుపతి చెప్పాడు. కుటుంబాలను పిలిచిన రోజు, ఒక్క తీరు బటన్లు, ప్రతి సోమవారం గుమ్మం దగ్గర బిళ్ళ, బుధవారం తడి గుడ్డ, అన్నీ చెప్పాడు. మహేశ్ తల దించుకున్నాడు. సంయుక్త రాసుకోవడం మానేసి వింటూ ఉండిపోయింది.

"నేను గురువారం నుంచి వెతుకుతున్నది ఇదేనండి. అందరూ బాగుంది, బాగుంది అంటే నాకే చేతకాలేదేమో అనుకున్నాను" అంది చివరికి.

"ఆఁ, అంత చిన్న బటన్ చూసుకోలేకపోతే ఎలా అమ్మా?" అన్నాడు శ్యామ్.

సంయుక్త తన ల్యాప్‌టాప్ అతని ముందుకు జరిపింది. ఎవరికీ ఏదీ పోని నకలు సారథి అందులో ఉంది. "ట్రయల్ నొక్కండి సర్. అందరం చూస్తున్నాం, ఫర్వాలేదు."

శ్యామ్ నవ్వుతూ, నిటారుగా కూర్చుని, ఎంతో ధీమాగా ‘లైవ్’ నొక్కాడు.

గదిలో ఎవరూ నవ్వలేదు, నవ్వితే బాగుండదని. శ్యామే మెల్లగా కార్డు తీసి, బిళ్ళ ఊడకుండా జాగ్రత్తగా తిరుపతి చేతిలో పెట్టాడు. "మీ ఆవిడను ఒకసారి ఆఫీసుకు రమ్మంటావా?" అన్నాడు.

ప్రశాంతి వచ్చింది. సంయుక్త పక్కన గంటన్నర కూర్చుని, సారథిలో ఇంకా ఏమేం ఒక్క తీరుగా ఉన్నాయో ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించింది. నెలన్నరకు కొత్త సారథి తయారైంది. ‘లైవ్’ బటన్ ఇప్పుడు దూరంగా, గుండ్రంగా, మెరూన్ రంగులో ఉంటుంది, నొక్కితే నిజమేనా అని ఒకసారి అడుగుతుంది. ఆ రంగు ఎంచుకోవడానికి డిజైన్ వాళ్ళకు మూడు వారాలు పట్టింది. ఇప్పుడు బిళ్ళ అవసరం లేదని తిరుపతి చెబితే, "అవసరానికే ఇస్తున్ననా ఏంది?" అని ప్రశాంతి సోమవారం సోమవారం ఇస్తూనే ఉంది.

కొత్త సారథి వచ్చిన మరుసటి నెలలో వాళ్ళ అపార్టుమెంట్లలో నిజంగానే ట్యాంకు కడగాల్సి వచ్చింది. రామబ్రహ్మం గారు యాప్‌లో కబురు పెట్టారు, అది కొత్త సారథి మీదుగా చక్కగా అందరికీ చేరింది. జనం చదివి, మళ్ళీ మొదలుపెట్టారని నవ్వుకుని, ఒక్క చెంబు కూడా నింపలేదు. ప్రశాంతి ఒక్కతే భర్తకు ఫోన్ చేసి, "గిది అసలుదేనా?" అని అడిగి, అవునంటే రెండు డ్రమ్ములు నింపిపెట్టింది.

పదకొండు దాటాక ఆమె గుమ్మం ముందు పద్నాలుగు బిందెలు వరుస కట్టాయి. అందులో మొదటిది, కబురు పెట్టి తానే నింపుకోని రామబ్రహ్మం గారిది.