గొలుసుకు రెండు కొక్కేలు

విజేందర్ గొలుసుకు కొక్కేలు పెట్టిస్తున్నాడని అతని భార్య శ్రీదేవి చెవిన వేసింది పక్కింటి లీలమ్మ. కొడవలికి పిడి వేయించుకుందామని మర్రిగూడ పోయి, బషీర్ వెల్డింగ్ దుకాణం ముందు తన చెవులతో తానే విన్నదట. "రెండు కొక్కేలట వదినె. గొలుసు ఎంత బరువుంటే రెండు గావాలె?"

శ్రీదేవి చెయ్యి మెడ మీదికి పోయింది. మూడేళ్ల కింద ఆమె మెడలోని బంగారు గొలుసు అమ్మి, విజేందర్ ట్రాక్టర్‌కు ముందర మట్టి ఎత్తే లోడర్ బకెట్ పెట్టించాడు. ఏడాది తిరిగేలోపు కొత్తది చేయిస్తానన్న మాట మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

అసలు సంగతి ఇనుప గొలుసుది. బకెట్ పై అంచుకు రెండు కొక్కేలు అతికించి గొలుసు తగిలిస్తే, పత్తి చేనులోని రాతి గుండ్లు కూడా లేపవచ్చునని విజేందర్ ఫోన్‌లో చూశాడు. ఒక్క వీడియోతో ఇంజనీరైన మనిషి. పొద్దున్నే బకెట్ విప్పించి దుకాణం ముందు బోర్లా వేయించాడు.

"భాయ్, బకెట్ బోర్ల ఉన్నది. కొక్కెం మొన ఏ దిక్కు?" అని అడిగాడు బషీర్.

"ఏ దిక్కేంది? మొన ఎప్పుడైనా ఆకాశం దిక్కే ఉంటది."

"జర సోంచాయించు, ఆలోచించి చెప్పు."

"నువ్వు వీడియో చూసినవా?"

బషీర్ చూడలేదు. అందుకని నోరు మూసుకొని అతికించాడు. బకెట్ తిరగేసి ట్రాక్టర్‌కు బిగించేటప్పుడు ఒకసారి దగ్గాడు కూడా. విజేందర్ ఫోటోలు తీసుకుంటున్నాడు.

ఇంటికొస్తే వాకిట్లోనే నాటుకోడి కూర వాసన. శ్రీదేవి కాళ్లకు నీళ్లిచ్చింది. అరుగు మీద లీలమ్మతో పాటు మహిళా సంఘమంతా ఉంది. చౌటుప్పల్ కంపెనీలో డ్యూటీ ఎగ్గొట్టి బామ్మర్ది మైసయ్య కూడా దిగాడు. రెండు కొక్కేలకు ఇంత మర్యాదా అని విజేందర్ ఆశ్చర్యపోలేదు. ఆలస్యంగానైనా ఊరు తనను గుర్తించిందనుకున్నాడు.

"చేపిచ్చినవా?" సిగ్గుపడుతూ అడిగింది శ్రీదేవి.

"చేపిచ్చిన. జిందగీల ఊడదు."

"ఎంత బరువున్నది బావా?" అన్నాడు మైసయ్య.

"ఒక్కో కొక్కెమే రెండు కిలోలు."

లీలమ్మ గుండె పట్టుకుంది.

"ఏది, చూపియ్యి" అని శ్రీదేవి మెడ వంచింది. విజేందర్ బకెట్ వైపు చెయ్యి చాపాడు.

ఆమె కొక్కేలను చూసింది, మొగుణ్ని చూసింది, కొంగు లాగి మెడ కప్పుకుంది. అరుగు మీది నిశ్శబ్దాన్ని మెచ్చుకోలనుకున్న విజేందర్, ఆమె ఏడాదిగా జరపమంటున్న బట్టలుతికే బండకు ఇనుప గొలుసు చుట్టి, కొసను కొక్కేనికి తగిలించాడు. జారింది. మళ్లీ తగిలించాడు. మళ్లీ జారి ఈసారి కాలి మీద పడింది.

మైసయ్య వంగి చూశాడు. "బావా, మొనలు భూమిని చూస్తున్నయ్."

"బకెట్ బోర్లేస్తే మంచిగనే ఉంటయ్" అన్నాడు విజేందర్, కాలు పట్టుకొని.

"బోర్లేసుడెందుకు? బకెటే అమ్ము. అమ్మి నా గొలుసు నాకు తే" అన్నది శ్రీదేవి. "దానికి ఒక్కటే కొక్కెం. ఎటు తిప్పినా పట్టుకుంటది."