చల్లారిన కప్పు

గద్వాలలో ఆ మే నెల ఉదయం, మగ్గం గుంతలో కూర్చుని మగ్గిపోతూనే వెంకటేశం ఒక పథకం వేసుకున్నాడు. పథకం నిజానికి సర్కారుది. రేకుల ఇళ్లలో నేసేవాళ్లు ఎండ దిగకుండా కప్పు బాగుచేసుకుంటే సగం ఖర్చు సబ్సిడీగా ఇస్తారు. ఆఫీసరు వచ్చి లోపలి వేడి కొలిచి రాసుకుంటే చాలు. ఆ రేకుల కింద పట్టుపోగులు పగటికల్లా ఎండి పుటుక్కుమంటున్నాయి. అమరచింత వాళ్ల పెళ్లిచీర సగంలోనే ఆగింది. పెళ్లి పన్నెండు రోజుల్లో ఉంది. పట్టు తెగినా పట్టుదల తెగని మనిషి గనుక దరఖాస్తు పెట్టాడు.

"ఏమే నీలా, పగటికి సారొస్తుండు. బస్టాండుకు పోయి తోల్కొస్త," అని నాలుగు రోజుల తర్వాత పొద్దున భార్యకు చెప్పి వెళ్లాడు. ఎందుకొస్తున్నాడో చెప్పలేదు.

ఇంటికి పెద్దమనిషి వస్తే చల్లగా చూసుకోవాలని నీలవేణి సిద్ధాంతం. ఖరీదైన చీర మగ్గం మీదుంటే, పోగులు ఎండకుండా నేతింట్లో ఏం చేస్తారో అదే చేసింది. పక్కింటి దేవరాజును రేకుల మీదికి ఎక్కించి వేపకొమ్మలు మూరెడు మందాన పరిపించింది. నల్లా నాలుగు రోజులకోసారి వచ్చే వాడలో, ఇంట్లో ఉన్న నీళ్లన్నీ వాటి మీద పోయించింది. గుంత చుట్టూ తడి గోనెసంచులు పరిచింది.

ఆఫీసరు ఏసురత్నం సారు వెంకటేశం వెంట చెమటతో వచ్చి, మంచం మీద కూర్చుని, మజ్జిగ తాగి, థర్మామీటరు చూశాడు. ముప్పై ఒకటి!

"ఏందయ్యా, నాకు నిద్రొస్తుంది గీడ!"

"రోజు గిట్లుండదు సారూ! జర నా మాటినుండ్రి..."

"అంత అర్థమైంది. పైన కొమ్మలు గూడ చూసిన, రాసుకున్న. శుక్రారం మల్లొస్త." సారు చల్లగా జారుకున్నాడు.

"నా కొంప చల్లార్చినవు గదనే!" అని వెంకటేశం నెత్తి కొట్టుకున్నాడు.

"ఇంటికొచ్చినోన్ని ఉడకబెట్టాలని నాకేం తెల్సు?" అంది నీలవేణి.

"పరేషాన్ గాకన్నా," అన్నాడు దేవరాజు. "శుక్రారం మల్ల కొలుస్తడు. ఆ రోజు ఇల్లు పొయ్యి లెక్క చేద్దాం."

శుక్రవారం పొద్దున్నే కొమ్మలు దిగాయి. సంచులు ఎండాయి. కిటికీలు మూశారు. గంజి కాచే పొయ్యి ఒక మూల, రంగు బాన పొయ్యి ఇంకో మూల రాజేశారు. పదకొండుకల్లా పడుగు పోగులు వరసగా తెగిపడసాగాయి.

"ఓ అయ్యా, చీర పాయె! పొయ్యిలార్పు!" అని నీలవేణి మొత్తుకుంది.

"తెగనీ! కప్పొస్తే ముడేసుకుంటం!" అన్నాడు వెంకటేశం.

అప్పుడే సారు వచ్చాడు. వెనుక నలుగురు నేతగాళ్లు, ఒక ఫొటోగ్రాఫరు; సారు చేతిలో పూలదండ. అందరూ లోపలికి అడుగుపెట్టి, అందరూ ఒకేసారి బయటికి దూకారు.

"ఇదేందయ్యా?" సారు పూలదండతోనే విసురుకున్నాడు.

"నలభై ఏడు సారూ! చూడుండ్రి, రాసుకోండ్రి!" వెంకటేశం పొంగిపోయాడు.

"అరె, మొన్ననే రాసిన గద! పైన కొమ్మల పరుపేసి నువ్వే కప్పు బాగుచేసుకున్నవని రాసిన. ముందుగాల చేసుకున్నోళ్లకు గూడ సబ్సిడీ ఉంటది. చెక్కు తెచ్చిన. నీ చల్లటి ఇల్లు చూసి నేర్చుకుంటరని వీళ్లను తోల్కొచ్చిన. గీ కొలిమి చూసినంక చెక్కెట్లిస్త? నా నౌకరి పోతది!"

వెంకటేశం గబగబా పొయ్యిలు ఆర్పి వచ్చాడు. "పోనీ సారూ, కొత్త కప్పు కోసమన్న మల్ల రాయుండ్రి."

"ఎట్ల రాస్త? బాగుచేసుకున్న ఇల్లని కాయితాలెక్కె. ఐదేండ్ల దాక మల్లియ్యరు."

సారు చెక్కును జేబులోకీ, నేతగాళ్లను నీడలోకీ తీసుకుపోయాడు. దేవరాజు పనుందని మాయమయ్యాడు. వెంకటేశం గుంతలోకి దిగి, తెగిన పోగులు ఒక్కొక్కటే ముడివేయడం మొదలుపెట్టాడు.

చీరకు ఐదు రోజుల గడువుంది, కప్పుకు ఐదేళ్లు.