జారని వాలు

ఓడ నీళ్లలో ఉండాలన్నది పాతకాలపు అభిప్రాయం. నది ఒడ్డున ఉన్న ఆ ఓడల యార్డు, ఆధునికీకరణ పూర్తి కాగానే, దాన్ని సగౌరవంగా విడిచిపెట్టింది.

కట్టిన ఓడను నదిలోకి జార్చే వాలుకు కొత్త కాంక్రీటు, కొత్త దీపాలు అమరాయి. చివర్లో భద్రతాధికారి వచ్చి, బూటు రాసి చూసి, "ఇది జారుతోందే!" అని నివ్వెరపోయాడు. వెంటనే వాలంతా గరుకు పూత వేయించాడు. (దానికి ఉత్తమ భద్రతా బహుమతి వచ్చింది. అది అందుకోబోతూ ఆయన వేదిక మెట్ల మీద జారాడు. వేదిక యార్డు పరిధిలోకి రాదు.)

ఓడల్ని దించే సూపరింటెండెంటుకు మాత్రం గుండెలో రాయి పడింది. సిద్ధంగా ఉన్న ఓడకు కెప్టెన్ స్వయానా ఆయన బావ. ఓడ దిగేదాకా మకాం బావమరిది ఇంట్లోనే. నదిలో వరద తగ్గేలోగా దిగకపోతే మళ్లీ వచ్చే వానాకాలమే.

"ఏం బావమరిదీ, నీ ఓడ కదిలిందా?" అన్నాడు బావ, పడక్కుర్చీలోంచి.

"మీరు కదలాలంటే అది కదలాలి కదా బావా!"

వంటింట్లోకి వెళ్తే భార్య మొదలెట్టింది. "అన్నయ్యగారు మేడని డెక్కంటున్నారు. గంటకోసారి టీ అక్కడికే పంపాలిట. ఓడని దించుతారా, నన్ను పుట్టింటికి పంపుతారా?"

సూపరింటెండెంటు పరుగున వెళ్లి, వాలుకు ఎప్పటిలా గ్రీజు పూస్తానన్నాడు.

"గ్రీజా? జారదూ?" అన్నాడు భద్రతాధికారి.

"జారాలనే కదండీ!"

"మీ ఉద్దేశాలే ప్రమాదకరంగా ఉన్నాయి."

దేవుడిలా పరిశుభ్రతాధికారి ఆదుకున్నాడు. వాలు మురికిగా ఉందనీ, తక్షణం సబ్బుతో కడగాలనీ నోటీసు పంపాడు. ఎంత సబ్బో రాయలేదు. సూపరింటెండెంటు దాన్ని కళ్లకద్దుకున్నాడు.

"ఎంత పొయ్యమంటారు సార్?" అన్నాడు మేస్త్రి.

"శుభ్రత దగ్గర పిసినారితనం పనికిరాదు. డ్రమ్ములు దొర్లించు."

"తర్వాత నీళ్లు కొట్టి తుడవాలా?"

"కడగమన్నారు. తుడవమన్నారా?"

గరుకంతా సబ్బు కింద మునిగింది. అడ్డుదుంగలు తీయగానే ఓడ ఒళ్లు విరుచుకుని, నురగలు చిమ్ముతూ, పెళ్లికూతురిలా నదిలోకి దిగింది. పనివాళ్లు ఈలలు వేశారు. డెక్కు మీంచి బావ సూట్‌కేసు ఊపాడు. ఆ మధ్యాహ్నం సూపరింటెండెంటు భార్య మేడంతా బట్టలు ఆరేసుకుంది.

సాయంత్రానికి భద్రతాధికారి నివేదిక వచ్చింది:

"యార్డులోని ఓడ ఒకటి ప్రమాదవశాత్తు జారి నదిలో పడింది. ప్రాణనష్టం లేదు. సిబ్బంది ఎంతో శ్రమించి ఓడను తిరిగి ఒడ్డుకు చేర్చారు. అందులో చిక్కుకుపోయిన కెప్టెన్‌ను కాపాడి, దగ్గరి బంధువుల ఇంట్లో క్షేమంగా దించారు."