పైకెక్కే ప్రాణికి ఇల్లు

ఆ ఆదివారం భీమారావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టీ తాగి, క్వార్టరు వెనక నీడలో కూర్చుని మోకాలెత్తు చెక్కపెట్టె ఒకటి బిగించి, మధ్యాహ్నం కోడికూర తిని పడుకోవాలి. రాయ్‌పూర్‌లో గూడ్సు బళ్లు బాగుచేసే వర్క్‌షాపులో వడ్రంగం చేసి చేసి చెయ్యి తిరిగినవాడికి, ఒక పెట్టె ఎంతసేపు?

పెట్టె సాలీడుకి. పోయిన వారం బస్తరు కలప మోసి వచ్చిన వ్యాగనులో పుచ్చిన పలక ఊడదీస్తుంటే, అరచెయ్యంత సాలీడు, బూడిదరంగు నూగుతో, బయటికి నడిచి వచ్చింది. పక్కనున్నవాళ్లు "మారో, మారో" అంటూ సుత్తులెత్తారు. భీమారావుకి ఏం తోచిందో, దాన్ని తన టిఫిన్ డబ్బాలోకి తోసి, శంకర్ నగర్‌లో ఉండే ప్రమీలకు తీసుకెళ్లి ఇచ్చాడు. ఆమె కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. వాళ్లమ్మ ఎస్తేరు రైల్వే ఆసుపత్రిలో నర్సు. డబ్బా మూత తీసి చూసిన ప్రమీల, పుట్టింటివాళ్లు పసుపు చీర పంపినంతగా సంతోషించి, "దీన్ని పెంచుతానండీ. ఇల్లు మాత్రం మీరే కట్టాలి" అంది.

ఆ ఇల్లు సగమయ్యేసరికి ప్రమీల లూనా మీద వచ్చింది. చుట్టూ తిరిగి చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది నేలమీద తిరిగేది కాదు, భీమారావు గారూ. చెట్టెక్కేది. దీనికి వెడల్పెందుకు? పొడుగు కావాలి. లోపల నిలువునా బెరడు నిలబెట్టండి, దానెనక దాక్కుంటుంది. పైనా పక్కనా జాలీ పెట్టండి, గాలాడాలి. ముందు అద్దం తలుపు. రోజూ బెరడు మీద కాసిని నీళ్లు చిలకరించాలి."

"చెట్టెక్కేదానికి చెట్టుండగా పెట్టెందుకమ్మా?" అన్నాడు భీమారావు అయోమయంగా.

"చెట్టు నా గదిలో పట్టదు కదా! ఇంకో మాట. పొగ తగలకూడదు. అగరొత్తి పొగైనా సరే, చచ్చిపోతుంది. బుధవారం నేను పరీక్షల డ్యూటీకి బిలాస్‌పూర్ వెళ్తున్నాను. శుక్రవారం సాయంత్రం దాకా మీ దగ్గరుంచుకోండి. ప్రాణంతో ఉంటే చాలు."

అడ్డం పెట్టె నిలువు పెట్టె అయింది. భుజాల ఎత్తుకి లేచింది. భీమారావు పనిలో పనిగా పైన చిన్న గోపురంలాంటి కప్పు కూడా పెట్టాడు. వ్యాగనుకైనా కప్పు లేకుండా వదిలే అలవాటు లేదు అతనికి. బజారు నుంచి బంగారమ్మ వచ్చాక విషయం చెప్పి, నాలుగు చివాట్లు తిని, భోజనానికి కూర్చోవచ్చు అనుకున్నాడు.

బంగారమ్మ వచ్చింది. గోపురం చూసింది. కూరల సంచీ కింద పెట్టింది.

"అయితే గుర్తుందన్నమాట మీకు," అంది.

అప్పుడు గుర్తొచ్చింది భీమారావుకి. పెళ్లయిన ఏడాది, టేకుతో దేవుడి మందిరం చేసి ఇస్తానని మాటిచ్చాడు. ఆ తరవాత కాలనీలో సగం ఇళ్లకి బల్లలు చేశాడు, చర్చికి బెంచీలు చేశాడు, పెద్దాఫీసరు గారి కుక్కకి గది కూడా చేశాడు. బంగారమ్మ దేవుళ్లు మాత్రం వంటింటి అరుగు మీద, పప్పుడబ్బా పక్కన, నిలబడి ఎదురుచూస్తున్నారు.

"అది... బంగారీ..."

"ఏటీ సెప్పకండి. ఇన్నాళ్లూ నానే మిమ్మల్ని తిట్టుకున్నాను," అని ఆమె కొంగుతో పెట్టె అంచు తుడిచింది.

ఆమె అలా తుడవకుండా ఉంటే చెప్పేసేవాడే.

మంగళవారానికి అద్దం తలుపూ జాలీలూ అమిరాయి. ఈలోపు సంగతి కాలనీ అంతా పాకింది. వీధి చివరి క్వార్టరు సూరమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. విజయనగరం వైపు నుంచి వచ్చి రాయ్‌పూర్‌లో స్థిరపడ్డ కుటుంబాలన్నిటికీ ఆవిడే ముహూర్తం, ఆవిడే మొక్కు.

"అల్లుడూ, పైన ఈ జాలీ ఏటి?" అంది.

"గాలికి, అత్తా."

"గాలా? అగరొత్తి పొగ బయటికెల్లడానికి! తెలివైనోడివి," అని తనే తేల్చేసి, శుక్రవారం సాయంత్రం ప్రతిష్ఠ అని ప్రకటించింది. పొగ అన్న మాట వినేసరికి భీమారావుకి ప్రమీల హెచ్చరిక గుర్తొచ్చింది. శుక్రవారం నాటికి ఏదో ఒకటి ఆలోచించవచ్చులే అనుకున్నాడు. ఆ ఏదో ఒకటి ఎంత ఆలోచించినా రాలేదు.

బుధవారం ప్రమీల వర్క్‌షాపు గేటు దగ్గర డబ్బా అందించి స్టేషనుకి వెళ్లిపోయింది. బంగారమ్మ నీళ్ల కుళాయి దగ్గరున్న సమయం చూసి, భీమారావు మోడు బెరడు ఒకటి పెట్టెలో నిలువుగా నిలబెట్టి, సాలీడుని లోపలికి వదిలాడు. అది ఒక్కో కాలూ తీసి పెడుతూ బెరడు ఎక్కి, వెనక్కి జారుకుంది. పెట్టె మీద తువ్వాలు కప్పేసరికి బంగారమ్మ బిందెతో వచ్చింది.

"తువ్వాలెందుకు?"

"శుక్రవారం దాకా సూడకూడదు."

"ఆ మాను ముక్కెందుకు?" అంది, తువ్వాలు కిందనుంచి కనబడుతున్న బెరడు చూపించి.

భీమారావు తువ్వాలు ఇంకాస్త కిందికి లాగాడు.

"మా ఊళ్లో లాగ అమ్మవారిని మాను రూపంలో నిలబెడతారేటి?" అంది బంగారమ్మ. ఆమె మొహంలో వెలుగు చూసి అతను తలూపాడు. రాత్రి భోజనాల ముందు చేతిలో నీళ్లు తీసుకుని బెరడు మీద చిలకరిస్తుంటే, గడపలోంచి ఆమె రెండు చేతులూ జోడించింది. ఆ తరవాత అతను పొయ్యి వెనక వంగి అగ్గిపెట్టెలోకి బొద్దింకను తోలుతుంటే మాత్రం కాసేపు నిలబడి చూసింది.

"ఇదేటి?"

"శుభ్రం," అన్నాడు భీమారావు. "దేవుడొచ్చే ఇల్లు గదా."

ఆమె వెళ్లి కంచాలు పెట్టింది. అది అతనికి ఊరటగా తోచింది.

గురువారం డ్యూటీ దిగి వచ్చేసరికి క్వార్టరు ముందు చెప్పుల కుప్ప ఉంది. లోపల తువ్వాలు లేదు. ఆడవాళ్లు పెట్టె చుట్టూ చేరి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. బెరడు చుట్టూ తెల్లటి పట్టు, పలచగా, పొరమీద పొరగా అల్లుకుని, దీపం వెలుతురులో మెరుస్తోంది. సాలీడు దాని వెనక ఎక్కడో ఉంది. బెరడు బొట్టు పెట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"రాత్రికి రాత్రి అమ్మ పట్టుచీర కట్టీసింది, అల్లుడూ!" అంది సూరమ్మ. ఆమె చేతిలో ధూపం మూకుడు ఉంది. నిప్పుల మీద సాంబ్రాణి పడింది. పొగ లేచి జాలీ వైపు వంగింది.

"పొగొద్దు!" అని భీమారావు వర్క్‌షాపులో క్రేను ఆపినట్టు అరిచాడు.

అందరూ తిరిగి చూశారు.

"సాంబ్రాణి ఒద్దన్న అమ్మ ఏ ఊళ్లో ఉందిరా?" అంది సూరమ్మ.

భీమారావు బంగారమ్మ వైపు చూశాడు. ఆమె అతని వైపే చూస్తోంది, ఏదో వినాలన్నట్టు. ఇప్పుడు చెప్పేస్తే సరిపోయేది. కానీ ఇంతమంది ముందు, ఆ మొహం చూస్తూ, 'ఇది నీకు కాదు' అని ఎలా అనాలి?

"కల్లోకొచ్చింది," అన్నాడు. "పొగ పడదంది."

సూరమ్మ మూకుడు బయట పెట్టించి, చేతులు జోడించి దగ్గరికొచ్చింది.

"ఇంకేటి సెప్పింది?"

"తలుపు తియ్యొద్దంది."

"కోడినడిగిందా?"

"లేదు."

"మేకపోతు?"

"లేదత్తా."

"మరేటి తింటాదిరా అమ్మ?"

నాలుగు రోజులుగా అబద్ధాలు ఆడి ఆడి అలిసిపోయిన భీమారావు నోట్లోంచి నిజం దానంతటదే జారింది. "బొద్దింకలు."

ఎవరో దగ్గారు. సూరమ్మ కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించింది. "ఒక్కో అమ్మకి ఒక్కో మొక్కు," అంది చివరికి. "మా ఊరమ్మ కల్లు అడిగీది. ఈ రైలు క్వార్టర్సుల్లో ఏటి దొరుకుతాదో ఈయమ్మకి తెల్దేటి?"

శుక్రవారం సాయంత్రానికి వరస వీధి మలుపు దాటింది. తెలుగువాళ్లే కాదు, పక్క లైనులోని ఛత్తీస్‌గఢ్ వాళ్లూ వచ్చారు. అందరి చేతుల్లోనూ అగ్గిపెట్టెలే. అగ్గిపెట్టెలన్నీ గరగరమంటున్నాయి. దొరకనివాళ్లు దొరికినవాళ్లని బతిమాలుకుంటున్నారు. "మా ఇంట్లో ఒక్కటీ లేదొదినా" అని గొప్పలు చెప్పుకునే దాలమ్మ ఆవేళ కళ్లనీళ్లు పెట్టుకుంది. అద్దం తలుపు తియ్యకుండా, దాని అంచు సందులోంచి సూరమ్మే స్వయంగా నైవేద్యం జారవిడుస్తోంది. భీమారావు గోడకి ఆనుకుని నిలబడి, ఎక్కడ మొదలైందో తలుచుకుందామని ప్రయత్నించి, 'వెడల్పెందుకు? పొడుగు కావాలి' అన్నచోట ఆగిపోతున్నాడు.

ప్రమీల స్టేషను నుంచి నేరుగా వచ్చింది, చేతిలో ఇంకో ఖాళీ డబ్బాతో. లోపలికి వెళ్లబోతే, "లైన్లో రావాల, అమ్మా" అని ఎవరో వెనక్కి లాగారు. ఏ లైనో అర్థంకాక ఆమె లైన్లోనే నిలబడింది. వంతు వచ్చాక పెట్టెలోకి తొంగిచూసి ఉలిక్కిపడింది.

"ఇన్ని బొద్దింకలేంటండీ! రెండ్రోజులకొకటి చాలు. పొట్ట పగిలిపోదూ?"

"అమ్మ ఎంత తింటాదో సెప్పడానికి నువ్వెవరమ్మా?" అంది సూరమ్మ.

"నేనే కదండీ దీన్ని పెంచుతున్నది!"

ఆ మాటల సందడికో, అడుగున గరగరలాడుతున్న నైవేద్యానికో, పట్టు కదిలింది. బెరడు వెనక నుంచి ఒక కాలు వచ్చింది. మరొకటి వచ్చింది. ఎనిమిదీ వచ్చాక, అరచెయ్యంత సాలీడు తాపీగా బెరడు మీదుగా పాకి, గోపురం కిందికి చేరి కూర్చుంది.

తరవాతి కేకలు ఊరి చివర ఉర్లా ఫ్యాక్టరీల దాకా వినిపించి ఉంటాయి. అగ్గిపెట్టెలు జారాయి. బొద్దింకలు ఎవరి దారిన అవి పోయాయి. కర్ర లేకుండా నడవలేని సూరమ్మ, కర్ర లోపల వదిలేసి వీధిలో కనబడింది. భీమారావు మాత్రం కదల్లేదు. అతను భార్య మొహమే చూస్తున్నాడు. ఆమె అరవలేదు.

"దానికేటీ అవదు, ఆ మేడంని తీసుకోనీండి," అంది బంగారమ్మ. "బుధవారం నుంచీ ఉన్నాది గదా ఇంట్లో."

"నీకు... తెలుసా?"

"మా నాన్న జీడితోటలో ఇలాటియి బోల్డు. సాలిపట్టుకీ అమ్మవారి చీరకీ తేడా తెల్దేటి నాకు? మీరు బొద్దింకని పట్టినప్పుడే తువ్వాలెత్తి చూసినాను."

"మరి సెప్పలేదేం?"

"మీరెందుకు సెప్పలేదు? సెప్తారని బుధవారం రాత్రంతా చూసినాను. గురువారం అందరి ముందూ చూసినాను. మీరు సెప్పింది కల."

భీమారావు తల దించుకున్నాడు. గోపురం కింద సాలీడు కాలొకటి సర్దుకుంది.

"అయితే సూరమ్మత్తకి ఆ పట్టు సూపించిందెవరు?"

"నానే. తువ్వాలు తీసిందీ నానే," అంది బంగారమ్మ, నేలమీద అగ్గిపెట్టెలు ఏరుతూ. "ఊరంతా వచ్చి మొక్కీసాక, ఈ మందిరం ఈ గుమ్మం దాటుతాదేటి? ఇప్పుడు తీసుకెళ్లమనండి, ఎవరు తీసుకెళ్తారో!"

ప్రమీల బ్రష్షుతో సాలీడుని మెల్లగా డబ్బాలోకి దించి, ఇద్దరినీ చూసి, నవ్వాపుకోలేక, "నాకు డబ్బా చాలు. వచ్చే ఆదివారం ఇంకోటి చేద్దురుగాని" అంది. వీధిలోంచి సూరమ్మ గొంతు అప్పటికే తేరుకుని వినబడుతోంది. అమ్మవారే సాలీడు రూపంలో వచ్చి, బంగారమ్మకి మందిరం కట్టించి వెళ్లిందట.

మర్నాడు పొద్దున్న వంటింటి అరుగు మీది దేవుళ్లు మందిరంలోకి మారారు. బెరడు తీసేశారు, సాంబ్రాణి వేశారు. భీమారావు అద్దం తుడిచి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. మందిరం పై సగమంతా ఖాళీ, దేవుళ్లు పైకెక్కరు.