విశ్రాంతి దాకా వైభోగం

సూరత్‌లోని తెలుగు ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, ‘ఉమ్మడి వైభోగం’ చాలా గొప్ప సినిమా. ఈ నిర్ణయం సినిమా విడుదలకు చాలా ముందే మా బట్టల మార్కెట్టులో జరిగిపోయింది. చూసి బాగుందని చెప్పడం ఎవరైనా చేయగల పని. చూడకుండా చెప్పాలంటే పెట్టుబడి ఉండాలి.

నా పేరు నరహరి. మా నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ ఒకరి మగ్గం మీద పనిచేశాడు. నేను ఊరి శివారు జోల్వాలో మగ్గాలు వేయించి, మార్కెట్టులో చీరల దుకాణం పెట్టాను. మా సూరత్‌లో చీర పుట్టాక పేరు పెట్టరు, పేరు దొరికాక చీరను పుట్టిస్తారు. సినిమా వాళ్లు పాపం ఎంతో శ్రమపడి ఒక పేరును దేశమంతా మోగిస్తారు. మేం ఆ పేరును చీర డబ్బా మీద అచ్చు వేస్తాం. వాళ్ల అనుమతి అడగం. కళాకారుల ఏకాగ్రత చెడగొట్టడం మాకు ఇష్టం ఉండదు.

ట్రైలర్ వచ్చిన రోజు మార్కెట్టులో బేరాలు ఆగిపోయాయి. గేటు దగ్గర నుంచి గుమ్మం దాకా కారులో వెళ్లాల్సినంత ఇల్లు, అందులో నలభై మంది కుటుంబం. అందరూ ఒకే బల్ల దగ్గర తింటారు, అందరికీ ఒకేసారి నవ్వు వస్తుంది. అంత ఆస్తి ఏ వ్యాపారంలో వచ్చిందో ట్రైలర్‌లో చెప్పలేదు, తర్వాత సినిమాలోనూ చెప్పలేదు. నాకు మాత్రం అదొక్కటే తెలుసుకోవాలని ఉండింది. చివర్లో బంగారు గాజులున్న అత్తగారి చేతులు ఒక చీరను గాలిలో విప్పుతాయి. చిలకపచ్చ మీద బంగారు ఏనుగులు. అత్తగారి కళ్లలో నీళ్లు. అంతే, తెర నల్లబడుతుంది.

అత్త చేతిలో కొత్త చీర, కంట్లో నీళ్లు. కొత్త కోడలికి పెళ్లి చీర పెడుతోందని మార్కెట్టంతా ఏకగ్రీవంగా తీర్మానించింది. బొమ్మను ఆపి, పెద్దది చేసి, ఏనుగు తొండం ఎటు తిరిగిందో చూసుకున్నాం. జోల్వాలో నేత, సచిన్ పేటలో అద్దకం, ఖటోదరాలో మడత. సినిమా వాళ్లు ఇంకా నేపథ్య సంగీతం కూర్చుకుంటూ ఉండగానే ‘వైభోగం చీర’ నా గోదాము పైకప్పును తాకింది.

ప్రజల ఆసక్తి సంగతి చెప్పాలి. మా తెలుగువాళ్లుండే లింబాయత్ బస్తీలో తలుపు వేయాలంటే లోపల ఒకరు లేచి నిలబడాల్సిన గదులున్నాయి. ఆ గదుల్లోని వాళ్లు ట్రైలర్ చూసి “అచ్చం మన ఇండ్లల్ల లెక్కనే ఉంది” అన్నారు. మగ్గాల షెడ్డు పంపకం కోసం కోర్టుకెక్కిన అన్నదమ్ములు ఉమ్మడి కుటుంబం సినిమాకు ఉమ్మడిగా టికెట్లు తీసుకున్నారు, వరుసకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. తెలుగు సంఘం అధ్యక్షులు డాక్టర్ చలపతి గారు సభ పెట్టి ఉపన్యసించారు.

“సోదర సోదరీమణులారా! ఉమ్మడి కుటుంబమన్నది మన జాతి వెన్నెముక. ఈ చిత్రరాజం ఆ వెన్నెముకకు వేసిన కట్టు. చూడనివాడు తెలుగువాడే కాదని అధ్యక్ష హోదాలో మనవి చేస్తున్నాను!”

డాక్టరు గారి తల్లి వారి బిల్డింగులోనే కింది అంతస్తులో ఒంటరిగా ఉంటారు. తల్లీకొడుకులు అప్పుడప్పుడూ లిఫ్టులో కలుసుకుంటారు. ఆమె కూడా సభకు వచ్చి చప్పట్లు కొట్టారు.

ఇక విమర్శ. సూరత్ తెలుగువారికి సినిమా విమర్శకుడు ఒక్కడే, మా గల్లీ ఓంకార్. ఫోన్ పట్టుకుని థియేటరు బయట మాట్లాడతాడు, వేలమంది వింటారు. అతను తన సమీక్షను మా దుకాణంలోనే, వైభోగం చీరల డబ్బాలు వెనక కనబడేలా, విడుదలకు ముందే రికార్డు చేశాడు. అయిదుకు నాలుగు నక్షత్రాలిచ్చాడు. అమ్ముడుపోయాడని ఎవరూ అనకూడదని ఒకటి తగ్గించాడు. మధ్యలో కళ్లు కూడా తుడుచుకున్నాడు.

“సినిమా ఇంకా రానే రాలే. ఏడుపు ఎట్లొచ్చిందిర నీకు?” అని అడిగింది మా ఆవిడ రాజమ్మ.

“చిన్నమ్మా, చూసినంక చెప్పనీకె టైం యాడుంటది? గప్పటికి ఇంకో సినిమా వస్తది” అన్నాడు ఓంకార్.

శాంపిలు చూసి సరుకు కొనడం మా మార్కెట్టులో రోజూ జరిగేదే కాబట్టి నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు.

అదే రోజుల్లో మా అబ్బాయి రాజుకు సంబంధం కుదిరింది. ఏ పిల్లను చూపించినా ఫోన్లోంచి తల ఎత్తని వాడు, కమలాకుమారి గారి కూతురు రుచితను చూసి తల ఎత్తాడు, మళ్లీ దించలేదు. పూలు పండ్ల వేడుకలో పిల్ల భుజాన మగపెళ్లివాళ్లు చీర కప్పితే సంబంధం ఖాయమైనట్టు. నేను ఆ వేడుకను సినిమా విడుదల రోజు పొద్దుటికి పెట్టించాను. రెండు వైపుల ఆడవాళ్లందరికీ వైభోగం చీరలు పంచి, అందరినీ అటు నుంచి అటే మొదటి ఆటకు తీసుకెళ్లాలని ఏర్పాటు. శుభకార్యమూ ప్రచారమూ ఒకే ఖర్చులో. రాజమ్మకు మాత్రం అచ్చు పక్కకు జరిగిన డ్యామేజీ పీసు ఇచ్చాను. ఇంటి మనిషి కదా. తప్పున్న చోటు కుచ్చిళ్లలోకి పోతుంది. పెళ్లయినప్పటి నుంచీ ఆమె కుచ్చిళ్లు అలా పెట్టడంలో ఆరితేరింది.

రాజమ్మ చేత్తోనే రుచిత భుజాన చీర కప్పించాం. ఫొటోలు దిగాం. చిలకపచ్చ దండు లాగా థియేటరులోకి నడిచాం.

మొదటి సగం మా డబ్బా మీది బొమ్మ లాగే ఉంది. పెళ్లి, పాట, పండగ, మళ్లీ పెళ్లి. నలభై మందికీ వండిపెట్టే పెద్దకోడలు ఒక్కతే వెలిసిన చీరలో అటూ ఇటూ తిరుగుతోంది. ఎవరూ ఆమెను పట్టించుకోలేదు, తెర మీదా, తెర కిందా. మా చీర మాత్రం ఇంకా రాలేదు. విశ్రాంతిలో ఓంకార్ తన సమీక్షను లోకానికి వదిలాడు. నేను సమోసాలు తెప్పించాను.

రెండో సగంలో పెద్దకోడలు పొయ్యి ముందే కూలబడి చచ్చిపోయింది. నలభై మందీ చుట్టూ చేరారు. అత్తగారు బీరువా తెరిచి, “ఇంత కాలం నీకొక కొత్త చీర పెట్టలేదే తల్లీ!” అని ఏడుస్తూ, చిలకపచ్చ మీద బంగారు ఏనుగుల చీరను గాలిలో విప్పి శవం మీద కప్పింది.

హాల్లో జనమంతా వెక్కి వెక్కి ఏడ్చారు, మా రెండు వరుసలు తప్ప. మా వాళ్లు తమ ఒంటి మీది ఏనుగులను, తెర మీది ఏనుగులను మార్చి మార్చి చూసుకుంటున్నారు. తొండాలు కూడా సరిగ్గా కలిశాయి.

“ఒదినే, పొద్దుగాల నా బిడ్డ మీద కప్పింది గిదేనా?” అంది కమలాకుమారి, చీకట్లోనే.

“గిదే ఒదినె. అందరి మీద గదే ఉంది” అంది రాజమ్మ. తెర వంక చూస్తూ సన్నగా నవ్వింది కూడా. ఆ నవ్వు ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు, తీరికా లేదు.

“మమ్మీ, ఫిలిం హై యార్! చీర మస్తుంది” అని రుచిత సర్దిచెప్పబోయింది. తల్లి ఆ పిల్ల భుజం మీది పమిట కనబడకుండా తన శాలువా చుట్టి బయటికి లాక్కుపోయింది.

బయట డాక్టర్ చలపతి గారు పరిస్థితిని చక్కదిద్దడానికి మెట్టెక్కారు. “ఆందోళన వద్దు! వైద్యుడిగా చెబుతున్నాను, ఆ పాత్ర మరణించిందనడానికి వైద్యపరమైన ఆధారం ఏదీ తెర మీద చూపలేదు. ఎవరూ నాడి పట్టి చూడలేదు!”

“డాక్టర్ సాబ్, పాడె గట్టిన్రు” అంది కమలాకుమారి. తర్వాత నా వైపు తిరిగింది. “అన్నా, పీనుగు చీర కప్పి పిల్లను ఖాయం చేసుకునుడు మా ఇంట్ల యాడ లేదు. మా పెద్దలను అడిగి చెప్త. గప్పటిదాంక సంబంధం మాట ఎత్తకున్రి.”

ఆ రాత్రి నుంచి రాజు నాతో మాట్లాడటం మానేశాడు. నాకు చెప్పాల్సింది ఏదైనా ఉంటే తల్లితో చెప్పి పంపేవాడు, చెప్పాల్సింది ఒక్కటే. “రుచిత కాకుంటే ఇంకెవ్వరొద్దంటుండు” అంది రాజమ్మ. సరుకు మురిగితే తక్కువకు తోసేయొచ్చు. కొడుకును అలా తోయడానికి లేదు.

నాకు తెలిసిన దారి ఒక్కటే, సినిమాను బాగు చేయడం. ఓంకార్‌తో రెండో సమీక్ష పెట్టించాను. “మొదటి సగం అద్భుతం. కథ విశ్రాంతికే అయిపోతది. తర్వాత ఉన్నది డైరెక్టర్ సొంత విషయం, మనం చూసుడు మర్యాద కాదు” అని చెప్పాడు. తెలుగు సంఘం అత్యవసరంగా సమావేశమై, పిల్లల చదువులనూ ట్రాఫిక్కునూ దృష్టిలో ఉంచుకుని ప్రేక్షకులు విశ్రాంతికే ఇళ్లకు చేరుకోవాలని తీర్మానం చేసింది. దాంతో సూరత్‌లో చావు సీను సంగతి తెలియని వాళ్లు కూడా తెలుసుకున్నారు. జనం మొదటి సగం అయ్యాక వచ్చి, రెండో సగానికి కూర్చోవడం మొదలుపెట్టారు.

నేను గోదాముకు తాళం వేసి కూర్చున్నాను. అప్పుడు జగిత్యాల దుకాణదారు ఫోన్ చేశాడు. “సేటూ, అత్త కప్పే చీర ఉందా? ఎంతుంటే గంత పంపు.” తర్వాత సిద్దిపేట. తర్వాత మంచిర్యాల. పెళ్లికి ఎవరూ అడగలేదు. “అమ్మ కోసం ఒకటి ఉంచుకుంటం”, “మా అత్తకు, టైముకు దొరకదు గద”, “మా వదినె బీమారున్నది.” సినిమా చూసి అంతగా కదిలిపోయారు మనవాళ్లు. కొనేవాళ్లు అడిగిన ప్రశ్నలు కూడా కొత్తవి. పైనుంచి వీడియో తీస్తే మెరుస్తదా? పూలు వేసినా ఏనుగులు కనబడతయా? ఉతికితే రంగు పోతదా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. రెండో విడత సరుకులో జాకెట్టు ముక్క తీసేశాం. ఎవరూ అడగలేదు.

ఆ సందడిలోనే కమలాకుమారి దుకాణానికి వచ్చింది. సంబంధం తెంచడానికే వచ్చిందనుకుని నేను లేచి నిలబడ్డాను. రాజు కూడా లేచాడు. ఆమె కూర్చుని, చాయ్ తాగి, గొంతు తగ్గించింది.

“అన్నా, గా చీర ఒకటి మంచి క్వాలిటీల తీసియ్యి. మా అత్తమ్మకు.”

“అయ్యో, పెద్దమ్మకు బాగలేదా?”

“ఎందుకు బాగలేదు? రెండు పూటల కడుపు నిండ తింటది. సరుకు అయిపోతుందంటున్నరు గద, ఇంట్ల ఉంటది.”

“మరి మన పిల్లల మాట?” అన్నాను.

“గదెందుకు ఆగుతది? ఊరంత కొనే చీర అశుభం ఎట్లయితది? లగ్గానికి మాత్రం కంచిపట్టు పెట్టున్రి.”

రాజు ఫోన్ పట్టుకుని బయటికి పరుగెత్తాడు. ఓంకార్ మూడో సమీక్షలో, ఈ సినిమా ప్రాణమంతా రెండో సగంలోనే ఉందని తాను మొదటి నుంచీ చెబుతున్నానని గుర్తు చేశాడు. సంఘం పాత తీర్మానాన్ని రద్దు చేసి, కుటుంబ విలువలను ఇంటింటికీ చేరవేసినందుకు నాకు శాలువా కప్పింది. డాక్టరు గారు ఉపన్యాసం అయ్యాక నన్ను పక్కకు పిలిచి ఒక చీర తీసుకున్నారు. కింది అంతస్తుకు.

ఇంటికొచ్చి శాలువా మడిచి పెడుతుంటే రాజమ్మ అడిగింది. “నాకు గూడ ఒకటి తీసిపెట్టిన్రా?”

నేను వ్యాపారిని, సరుకు విషయంలో అబద్ధం ఆడను. “తీసిపెట్టిన. మొదటి విడతది, ఫస్ట్ క్వాలిటీ. జాకెట్టు ముక్కతో సహా.”

“డ్యామేజీ లేదా?”

“ఒక్క దారం పోగు గూడ లేవలే.”

“మరి ఇప్పుడే ఇయ్యున్రి. కట్టుకుంట.”

“ఇప్పుడు కట్టుకుంటే అప్పటికి పాతదైతది గద” అన్నాను.

రాజమ్మ థియేటరులో నవ్విన నవ్వే మళ్లీ నవ్వి, కుచ్చిళ్లు సర్దుకుంటూ వంటింట్లోకి వెళ్లింది.

నన్ను చూసి మీరేమీ నవ్వుకోనక్కర్లేదు. మా ఫోన్ పొద్దున్నుంచీ మోగుతూనే ఉంది, చేసేది మీరే. గోదాములో సరుకు తగ్గిపోతోంది, త్వరపడండి. కొలతలు పంపనక్కర్లేదు, చీర ఎవరికైనా సరిపోతుంది. ఎవరికోసమో కూడా చెప్పనక్కర్లేదు, మేం అడగం. ఆమె వంటింట్లో ఉన్నప్పుడు ఫోన్ చేస్తే చాలు.