నోటికి స్వేచ్ఛ, చేతికి శిక్ష

ఆదివారం జలపాతం చూడటానికి మీరంతా వెళ్ళండి, నేను రావడం లేదు. వ్యాన్ మాట్లాడిందీ, నెల రోజులుగా మిమ్మల్ని ఊదరగొట్టిందీ నేనే, ఒప్పుకుంటాను. కానీ మా ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. తెచ్చిందీ నేనే.

నేను కోర్టులో టైపిస్టునని మీకు తెలుసు. పొద్దస్తమానం తీర్పులు టైపు చేసేవాడికి తానే జడ్జినన్న భ్రమ కలగడం సహజం. ఆమధ్య ద్వేష నేరాల కేసొకటి టైపు చేశాను. ఊరికే కిటికీ అద్దం పగలగొడితే ఒక శిక్షట, ఫలానా వాళ్ళంటే గిట్టక పగలగొడితే అంతకు మించిన శిక్షట. చదవగానే నాకు మా ఆవిడ వంట గుర్తొచ్చింది.

మా అక్కయ్య వచ్చినప్పుడల్లా కూరలో ఉప్పెక్కువవుతుంది. మిగతా రోజుల్లో అమృతమే. అడిగితే "చెయ్యి జారిందండీ" అంటుంది. మా వాళ్ళొస్తేనే జారే చెయ్యి అది.

భోజనాల దగ్గర చట్టం ప్రవేశపెట్టాను. "ఇకమీదట ఈ ఇంట్లో ఎవరైనా అవతలి వైపు చుట్టాల మీద ద్వేషంతో తప్పు చేస్తే, ఆ ఆదివారం సరదాలన్నీ రద్దు. పైగా ఆ చుట్టాన్నే పిలిచి రోజంతా మర్యాదలు చెయ్యాలి. తీర్పు అమ్మ చెబుతుంది."

కన్నతల్లి కదా, ఎటు పోతుందిలే అని నా ధీమా.

"మరి మాటలకో?" అంది మా ఆవిడ.

గతుక్కుమన్నాను. వాళ్ళన్నయ్య మీద రోజుకో జోకు వెయ్యకపోతే నాకు అన్నం సయించదు. ఆయనకి సలహాల బావ అని పేరు పెట్టింది నేనే. చెప్పులు కొనడానికి వెళ్ళి, చెప్పులు ఎలా అమ్మాలో షాపువాడికి నేర్పి వచ్చే మనిషి.

"మాటలకి శిక్ష లేదు. ఎవరి నోరు వాళ్ళిష్టం. దాన్ని వాక్స్వాతంత్ర్యం అంటారు" అన్నాను.

"అలాగే కానివ్వండి" అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానించాల్సింది.

అక్కయ్య రానే వచ్చింది. మొదటి ముద్ద నోట్లో పెట్టగానే లేచి నిలబడి కేసు పెట్టాను.

అమ్మ రుచి చూసి గ్లాసెడు నీళ్ళు తాగింది. "ఉప్పెక్కువే. కానీ అమ్మాయి మీ అక్కని ఏనాడైనా ఒక్క మాటందట్రా?"

"అనలేదు."

"మరి ద్వేషమని ఎలా చెప్పను? చెయ్యి జారిందంతే."

మా ఆవిడ వినయంగా తల వంచుకుని అక్కయ్యకి ఇంకాస్త కూర వడ్డించింది.

నిన్న పొద్దున నేను గిన్నెలు కడుగుతుంటే కాఫీ కప్పొకటి పగిలింది. దాని మీద సలహాల బావ ఫోటో ఉంటుంది, చూపుడువేలు ఎత్తి. ఆయనే అచ్చు వేయించి మాకు కానుకిచ్చాడు. ఒట్టేసి చెబుతున్నాను, సబ్బు చేతుల్లోంచి జారిందంతే.

నేను పెంకులు ఊడ్చేదాకా చూసి మా ఆవిడ అమ్మ దగ్గరికెళ్ళింది. "అత్తయ్యా, ఈయన మా అన్నయ్యని ఏమేం అంటుంటారో మీరే చెప్పండి."

అమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆ మొహం చూస్తే పాలు విరుగుతాయన్న దగ్గర మొదలుపెట్టి, నేను మర్చిపోయినవి కూడా చెప్పింది. మధ్యలో తనే నవ్వింది.

"అవన్నీ ఉత్త మాటలమ్మా. మాటలకి స్వేచ్ఛ ఉంది" అన్నాను.

"ఎవరు కాదన్నారండీ?" అంది మా ఆవిడ. "మాటకి శిక్ష వెయ్యమన్నానా? కప్పుకి వెయ్యమంటున్నాను. మాటలు సాక్ష్యం, అంతే."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత పకడ్బందీ వాదన నేను టైపు చెయ్యలేదు.

"కానీ అది చెయ్యి జారి..."

"నీ కప్పు పగిలిన రోజు ఇల్లు పీకి పందిరేశావు" అంది అమ్మ. "ఇది పగిలితే అయ్యో అనలేదు సరికదా, పెంకులు ఊడుస్తూ కూనిరాగం తీశావు. నిన్ను కన్నదాన్ని, నీ మనసు నాకు తెలీదట్రా?"

ఏం చెప్పను? చెయ్యి కావాలని చెయ్యలేదు. కానీ పగిలాక ప్రాణానికి హాయిగా అనిపించిన మాట నిజం. ఆ హాయి ఏ సెక్షను కిందకి వస్తుందో నాకు తెలియదు.

తీర్పు చెప్పేముందు అమ్మ అడిగింది, "నువ్వేమైనా చెప్పుకుంటావా?" అని. నోరు తెరిచాను. మా ఆవిడ శ్రద్ధగా చెవి ఒగ్గింది. నోరు మూసుకున్నాను.

కాబట్టి ఆదివారం పొద్దున్నే ఆయన వస్తున్నాడు, రాత్రి భోంచేసి గానీ వెళ్ళడు. మీరు వెళ్ళి రండి. మా బావగారి మీద నా అభిప్రాయం మాత్రం అడక్కండి. చెప్పడానికి నాకు పూర్తి స్వేచ్ఛ ఉంది. అందుకే చెప్పను.